గృహవిక్రయము - గృహస్థధర్మము

ఇల్లు కట్టుటకు ముహూర్తము కలదు. కట్టిన ఇంట ప్రవేశించుటకు ముహూర్తము కలదు. శంకుస్థాపన, వాస్తుపూజ, పాలు పొంగించుట మున్నగు విధులనన్నింటిని పెద్దలు శ్రద్ధతో జరిపింతురు. అదే ఇంటిని పరులకు అమ్మి వెడలునాడు మాత్రము ధర్మమును గూర్చి తలచువారు తక్కువ. అయినను గృహస్థుని సత్యనిష్ఠకు కఠినమైన పరీక్ష ఆనాడే ఎదురగును.

ఒక కుటుంబమును ఉదాహరణముగా గ్రహింపవచ్చును. కృష్ణాతీరమున ఒక గ్రామములో వారికి తాతలనాటి పెంకుటిల్లు కలదు. కుమారులు ఉద్యోగములకై పట్టణములు చేరిరి. కుమార్తె వివాహమునకు చేసిన ఋణము తీరలేదు. ఇల్లు అమ్మక తప్పలేదు. మధ్యవర్తి వచ్చి ఇల్లంతయు పరికించి, "గోడలకు వెల్ల వేయించండి. నడిమి గది దూలమునకు రంగు పూయించండి. ఫాల్గునములోనే బేరము ముగించండి. ఎండలు ముదిరినను, వానలు పడినను చిక్కే" అని హితవు చెప్పెను. అతని మాటలోని అంతరార్థము గృహస్థునకు తెలియును. ఆ దూలమునకు లోపల చెదలు పట్టినది. నడివేసవిలో బావినీరు ఉప్పనగును. శ్రావణము వచ్చిన పడమటి గోడ చెమ్మగిల్లును.

కొనువాడు అడిగినచో అబద్ధమాడుట పాపమని ఎల్లరు నెరుగుదురు. అడుగనప్పుడు ఊరకుండుట కూడ దోషమేనా? ఇదియే ఇచట విచారింపవలసిన ప్రశ్న.

ఇంటిని శుభ్రపరచి చూపుటలో తప్పులేదు. తిరుమలలో ఉగాది, ఆణివార ఆస్థానము, బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశి - ఈ పర్వములకు ముందు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగుట యాత్రికులకు తెలిసినదే. ఆనాడు పూజాసామగ్రిని వెలుపలికి తెచ్చి, గర్భాలయముతో కూడ ఆలయమునంతయు కడిగి, పరిమళద్రవ్యమును గోడలకు ప్రోక్షింతురు. అచట ముందు మాలిన్యము తొలగును, తరువాతనే పరిమళము పూయబడును. మాలిన్యమును తొలగింపక దానిపై పూత పూయుట శుద్ధి కాదు, ఆచ్ఛాదనము మాత్రమే. గోడకు వేసిన వెల్ల ఇంటికి శోభ. చెదలు తిన్న దూలముపై పూసిన రంగు ఎదుటివాని కన్నులకు కట్టిన గంత. నోరు మెదపకున్నను ఆ రంగే అబద్ధమాడుచున్నది.

మహాభారతమున శాంతిపర్వములో తులాధారుని కథ కలదు. జాజలి యను తపస్వి తన జటలలో పక్షులు గూడు కట్టి పిల్లలను చేసినను కదలక నిలిచి, తనంతటి ధర్మపరుడు లేడని గర్వించెను. అంతట అశరీరవాణి కాశీలోని తులాధారుని మించజాలవని పలికెను. తులాధారుడు అడవిలో తపస్సు చేసినవాడు కాడు, అంగడిలో సరకులమ్ము వర్తకుడు. తన తక్కెడ సర్వప్రాణులయందును సమముగా నుండుటయే అతని ధర్మము. అమ్మువాని యక్కరను, కొనువాని యక్కరను ఒకే తక్కెడలో తూచగలిగినవానికి అంగడియే తపోభూమి యగునని ఈ కథ తెలుపుచున్నది.

"కుటుంబపోషణకై కొంత దాచిన నేమి?" యని మనస్సు వాదించును. ఈ వాదము క్రొత్తది కాదు. శ్రీమద్భాగవతము అష్టమస్కంధములో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఇట్టి హితవే చెప్పెను. ప్రాణము, జీవనవృత్తి మొదలగువాని రక్షణకై పలికిన అసత్యము నింద్యము కాదని బోధించెను. చెప్పినవాడు గురువు, పోవునది సమస్తరాజ్యము. అయినను బలి అంగీకరింపలేదు. ఎంతటి భారమునైన భరించు భూదేవి అసత్యపరుని మాత్రము మోయజాలదని అతడు తలచెను. మాట నిలుపుకొని మూడవ యడుగునకు తన శిరస్సు నొగ్గెను. భూమిని, ఇంటిని విక్రయించు ప్రతివాడును తలచుకొనదగిన ఘట్టమిది.

లౌకికశాసనము కూడ ఈ ధర్మమునే అనుసరించుచున్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, తనకు తెలిసి కొనువానికి తెలియని, సాధారణ జాగ్రత్తతో కనుగొనజాలని ముఖ్యలోపమును అమ్మువాడు తనంతట తానే తెలుపవలెను. తెలుపకుండుట మోసముగా పరిగణింపబడును. అడుగలేదను సమాధానము అచటను చెల్లదు.

ఆ గృహస్థుడు మధ్యవర్తి మాటను తల్లికి వినిపించెను. ఆమె, "నాయనా, కొన్నవారును ఆ దూలము క్రిందనే ఉయ్యాల కట్టుదురు గదా" యని మాత్రమనెను. మరునాడు వచ్చినవారికి అతడు దూలమును, గోడను చూపి, బావి సంగతి చెప్పెను. వారు మరలిపోయిరి. తరువాత వచ్చినవారు మరమ్మతుల ఖర్చు తగ్గించి కొనిరి. ఋణములో కొంత మిగిలిపోయినది. సత్యమునకు వెల లేదనుట సరికాదు, ఆ వెలను అతడు రెండేండ్లు వాయిదాలుగా చెల్లించెను. కాని ప్రతి శ్రావణమునను ఆ ఊరి వాన తలపునకు వచ్చినప్పుడు అతని గుండె ఉలికిపడలేదు.

సమస్తము శ్రీమన్నారాయణుని సొత్తు, జీవుడు ఆయనకు శేషభూతుడు - ఇది భగవద్రామానుజుల సిద్ధాంతము. ప్రతి వైష్ణవగృహమునను నిత్యపూజలో "ఇది నాది కాదు, నీది" యని నివేదించుచునే యుందురు. అట్లు నివేదించిన ఇంటికి గృహస్థుడు కావలివాడే గాని యజమాని కాడు. కావలివాడు మరియొక కావలివానికి ఇల్లప్పగించునప్పుడు ఏ తలుపు గడియ వదులైనదో, ఏ మూల వాన కురియునో చెప్పి మరీ అప్పగింపవలెను. అదియును స్వామికైంకర్యమే.

వెడలునాడు పెరుమాళ్ల అర్చామూర్తులను పెట్టెలో భద్రపరచి, తులసికోటకు కడపటిసారి నీరు పోసి, గడపకు నమస్కరించి తాళపుచెవులు అందించువాని చేయి తేలికగా నుండవలెను. శ్రీనివాసుడు ఎల్ల గృహస్థులకు ఆ తేలికను ప్రసాదించుగాక!