బొమ్మకి వెల

మా ఊళ్ళో పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసే తెలుగావిడ ఒకరున్నారు. ఆవిడకది కాలక్షేపం కాదు, జీవనం. ఒక సంఘం వాళ్ళు తమ ఉత్సవ సంచికలో పన్నెండు కథలకి పన్నెండు బొమ్మలు వెయ్యమన్నారు. అన్నిటికీ కలిపి ఇస్తామన్నది ఆవిడ మామూలుగా రెండు బొమ్మలకి తీసుకునే డబ్బు. "మన భాష కోసం కదమ్మా" అని కూడా అన్నారు. దీనికి ఒప్పుకోవడం తప్పా, ఒప్పా అన్న చర్చ మా స్నేహితుల్లో చాలా దూరం వెళ్ళింది.

"ఆవిడ చెయ్యి, ఆవిడ కుంచె, ఆవిడ ఇష్టం. మధ్యలో మనమెవరం?" అన్నది ఒక వాదన. వినడానికి బాగానే ఉంది. కానీ జీతమనేది ఇద్దరి మధ్య ఒప్పందం మాత్రమే కాదని మా కంప్యూటర్ వాళ్ళకి బాగా తెలుసు. హెచ్‌-1బి మీద వచ్చిన ప్రతివాళ్ళ కాగితాల్లోనూ ఎల్‌సీఏ అని ఒకటుంటుంది. ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతమో, ఆ కంపెనీ అలాంటి పనివాళ్ళకి ఇస్తున్న జీతమో, రెండిట్లో ఏది ఎక్కువైతే అది ఇస్తానని యజమాని అందులో రాసివ్వాలి. "నాకు తక్కువైనా ఫరవాలేదు" అని మనం సంతకం పెట్టినా చెల్లదు. ఎందుకంటే మనం వదులుకునేది మన డబ్బొక్కటే కాదు, పక్క కుర్చీలో వాడి బేరమాడే బలం కూడా. సొంతంగా బొమ్మలు వేసుకు బతికేవాళ్ళకి అలాంటి కాగితం లేదు. చట్టం చెయ్యని పని ఎవరికి వారు చేసుకోవాలి.

అయితే ఇక్కడే నా గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది. ఇక్కడి పనులు హైదరాబాదు చేరడానికి ఒక ముఖ్య కారణం అక్కడ చవకగా అవుతాయనే కదా! తెనాలిలో కూర్చుని ఒక కుర్రవాడు ఇదే డబ్బుకి ఇవే బొమ్మలు వేస్తే అతని ఇల్లు కొన్నాళ్ళు గడుస్తుంది. అతన్ని "వృత్తిధర్మం తప్పావు" అనే హక్కు నాకెక్కడిది? కాబట్టి తక్కువ డబ్బు తీసుకోవడమే తప్పన్న సూత్రం నిలబడదు.

మరేం చూడాలి? నాకు తోచినవి మూడు.

మొదటిది, వాళ్ళు లేక ఇవ్వడం లేదా, ఉండీ ఇవ్వడం లేదా? చందాలతో చిన్న గ్రంథాలయం నడుపుకునే నలుగురు అడిగితే ఒక సంగతి. హాలు అద్దె, భోజనాలు, సినిమా తారల విమానం టిక్కెట్లు అన్నీ పూర్తిగా చెల్లించి, బొమ్మల దగ్గరికొచ్చేసరికి భాషాసేవ గుర్తొస్తే అది వేరే సంగతి. క్యాటరింగ్ ఆయన్ని సాంబారు భాషాసేవగా పొయ్యమని ఎవరూ అడగరు. సేవ చేసిన పేరు సంఘానిది, ఖర్చు ఆవిడది. అత్త సొమ్ము అల్లుడి దానమంటే ఇదే.

రెండోది హక్కులు. 1938లో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు సూపర్‌మాన్ మొదటి కథకి 130 డాలర్లు తీసుకున్నారు. పదమూడు పేజీలు, పేజీకి పది డాలర్లు. ఆ రోజుల్లో ఆ రేటు వింతేమీ కాదు. కానీ దానితోపాటు సర్వహక్కులూ రాసిచ్చేశారు. చివరికి 1975లో, ఎంతో గొడవ జరిగాక గాని వాళ్ళకి ఏటా 20,000 డాలర్ల భరణం, తమ సృష్టి మీద మళ్ళీ తమ పేరు దక్కలేదు. తక్కువకి ఒప్పుకున్నా, ఒక్కసారి అచ్చువేసుకునే హక్కు మాత్రమే ఇస్తున్నానని కాగితం మీద రాయించుకోవాలి.

మూడోది, దానమైతే దానమని చెప్పడం. బిల్లు మీద అసలు ధర వేసి, దాని కింద తగ్గింపు వేస్తే, ఎంత ఇచ్చారో పుచ్చుకున్నవాళ్ళకి తెలుస్తుంది. తరవాత వచ్చేవాళ్ళ ధర చెడదు. మొహమాటానికి ఆరోవంతు ధరకి అమ్మితే అది అటు దానమూ కాదు, ఇటు వ్యాపారమూ కాదు. రేపటికి ఆ ఆరోవంతే అసలు ధరై కూర్చుంటుంది.

ఈ లెక్కన ఆవిడ ఒక్క బొమ్మ కానుకగా ఇచ్చి, తక్కిన పదకొండూ వద్దనవచ్చు. అద్దె కట్టడానికి ఇబ్బందైన నెలలో పన్నెండూ వేసినా నేను తప్పుపట్టను.

అసలు ఈ ధర్మసందేహమంతా వేసేవాళ్ళ నెత్తినే పడడం నాకు బాగాలేదు. అడిగే వైపు కూర్చునేది చాలాసార్లు మనమే. గంటకింత అని బిల్లు చేసి పావుగంట కూడా వదలని మనం, కమిటీలో చేరగానే ఇంకొకరి గంటల్ని లెక్కపెట్టడం మర్చిపోతాం. బడ్జెట్ రాసేటప్పుడు భోజనాల పద్దు పక్కనే బొమ్మల పద్దు కూడా వేసుకుందాం. డబ్బు చాలకపోతే మూడే వేయించుకుందాం. తొమ్మిది కథలకి బొమ్మల్లేవని సంచిక పక్కన పడేసేవాళ్ళెవరూ ఉండరు.