గీత మీద వేసిన రేకు

మన ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డులో తుర్కయంజాల్ వైపు వెళ్తే ఆదిభట్ల వస్తుంది. అక్కడ విమానాల భాగాలు తయారవుతాయి. అటు శంషాబాద్‌లో విమానాలకు మరమ్మతులు చేస్తారు. మన సత్సంగానికి దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చే ఒకబ్బాయిది ఆ మరమ్మతు పనే. "రెక్క కింద కోడిగుడ్డు ఆకారంలో వరసగా ఆ మూతలేంటి నాయనా?" అని అడిగాను.

"యాక్సెస్ ప్యానెళ్లు గురువుగారూ. పెద్ద విమానాలకు రెక్క లోపలే ఇంధనం ట్యాంకు ఉంటుంది. ట్యాంకు ఖాళీ చేసి, గాలి పట్టించి, ఆ మూత విప్పి మనిషి లోపలికి దూరతాడు. తుప్పు, పగుళ్లు ఉన్నాయేమో చూస్తాడు" అన్నాడు.

చూశారా, తయారుచేసినవాడే ఇది పాడవుతుందని ఒప్పుకుని, తెరిచి చూసుకునే దారి ముందే పెట్టాడు!

దెబ్బ కనిపిస్తే పైన రేకు అతుకుతారు. డబ్లర్ అంటారట. కానీ ముందు దెబ్బతిన్న చోటు కోసెయ్యాలి, లేదా గీతలు పూర్తిగా పోయేలా నునుపు చెయ్యాలి. ఆ తర్వాతే రేకు, రివెట్లు.

1980లో హాంకాంగ్‌లో చైనా ఎయిర్‌లైన్స్ వారి 747 దిగేటప్పుడు తోక భాగం నేలకు రాసుకుంది. గీతలు పూర్తిగా తియ్యకుండానే పైన రేకు వేశారు. పైకి శుభ్రంగానే ఉంది. పగుళ్లు రేకు కింద పెరిగాయి. 22 ఏళ్లు అలాగే ఎగిరి, 2002 మే 25న తైవాన్ దగ్గర ఆకాశంలోనే ముక్కలైంది. 225 మంది పోయారు. (అది రెక్క కాదు, తోక దగ్గరి పొట్ట భాగం. అతుకు వేసే పద్ధతి మాత్రం ఒకటే.)

మంగళవారం కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామికి ప్రదక్షిణలు చేసేవాళ్లలో, నాన్నగారి నూట యాభై గజాల జాగా కోసం అన్నతో పదేళ్లుగా మాటల్లేనివాళ్లున్నారు. "మనశ్శాంతి లేదు, ఇంకేం పూజ చెయ్యమంటారు?" అని నన్నడుగుతారు. పూజ మంచిదే. గీత తియ్యకుండా దాని మీద వేస్తే మాత్రం అది ఉత్త రేకే.

సుందరకాండలో స్వామివారు ఏం చేశారు? లంక కాల్చి, తోక సముద్రంలో ఆర్పుకున్నారు. పని అయిపోయింది, ఎగిరిపోవచ్చు. పోలేదు. తన కోపానికి సీతమ్మ కూడా కాలిపోయిందేమోనని వణికిపోయారు, తనను తానే తిట్టుకున్నారు. అమ్మ క్షేమమని చారణుల మాటల్లో విన్నా సరే, మళ్లీ వెళ్లి కళ్లారా చూసుకున్నాకే సముద్రం దాటారు. అంతటివారే ఎగిరేముందు మూత విప్పి చూసుకున్నారండి.

"అన్న ఫోన్ ఎత్తడు గురువుగారూ" అంటారు. ఎత్తకపోనీ, వదిన ఎత్తుతుంది. ఆ రోజుకి జాగా మాట తేవద్దు. "అన్నకి షుగర్ ఎలా ఉంది వదినా?" అని అడగండి చాలు. ప్రదక్షిణలు సాయంత్రం చేసుకోవచ్చు, గుడి తెరిచే ఉంటుంది.