మార్గస్థుడు ఎవరి గొఱ్ఱెపిల్లను తినెను?

నాతాను ప్రవక్త దావీదు రాజు ఎదుట నిలిచి చెప్పిన ఉపమానము మన సంఘములలో ఆదివారపు బడిపిల్లలకు సైతము తెలియును. ధనవంతుని మందలకు లెక్కలేదు. బీదవాని ఇంట ఒక్క ఆడు గొఱ్ఱెపిల్ల. అది అతని పిల్లలతో కలిసి పెరిగినది, అతని కంచములోని ముద్దయే దానికిని ముద్ద. ధనవంతుడు తన మందను ముట్టక, ఆ ఒక్కదానిని పట్టి తెప్పించి వండించెను (2 సమూయేలు 12:1–4).

ఈ కథ వినునప్పుడు మన కోపము ధనవంతుని మీదికి పోవును; మన జాలి బీదవాని మీదికి పోవును. అయితే ఆ ఇంట మూడవవాడొకడు ఉన్నాడు. ఆ గొఱ్ఱెపిల్ల ఎవనికొరకు వండబడెను? దారిన పోవుచు ఆ ఇంట దిగిన ఒక మార్గస్థుని కొరకు. అతని పేరు మనకు తెలియదు. నాతాను అతని మీద ఏ నేరమును మోపలేదు. పెట్టినది తిని, మరునాడు అతడు తన దారిని పోయియుండును. ఆ మాంసము ఎక్కడిదో అతనికి తెలియకపోవచ్చును. కాని ప్రియులారా, తెలియకపోవుట వేరు, తెలిసికొన గోరకపోవుట వేరు. ఈ మాసము మనము ధ్యానింపవలెనని కోరునది ఆ మార్గస్థుని గూర్చియే.

ఇందుకు మాకు తోచిన ఉదాహరణము కరిబియన్ సముద్రపు అంచుననున్న క్యూబా దీవి. మనలో అక్కడికి పోవువారు అరుదు. అయినను ఒక దీవి తన తలుపు పరదేశ యాత్రికులకు తెరచినప్పుడు ఏమి జరిగెనో చూచినయెడల, అతిథిగా పోవు ప్రతివాని బాధ్యత ఏమో మనకు తేటపడును.

క్యూబా చెఱకును పొగాకును పండు పెద్ద దీవి. దాని పొడవు సుమారు 1,250 కిలోమీటర్లు. అమెరికా దేశపు ఫ్లోరిడా కొననుండి దానికి దూరము సుమారు 150 కిలోమీటర్లే. 1959వ సంవత్సరమునకు పూర్వము దాని రాజధానియైన హవానా అమెరికా సంపన్నుల విహారస్థలముగా ఉండెను. జూదగృహములు రాత్రింబగళ్లు వెలుగుచుండెను. మంచి మంచి తీరములు కొన్ని ధనికుల క్లబ్బుల వశమున ఉండెను. 1959లో విప్లవము జరిగి, క్రొత్త ప్రభుత్వము తీరములను ప్రజలందరికిని తెరచెను. పిమ్మట అమెరికాతో వర్తకము తెగిపోయెను, రాకపోకలు నిలిచిపోయెను. 1962 మొదలుకొని ప్రజలు రేషను పుస్తకము పట్టుకొని బియ్యమునకును నూనెకును వరుసలలో నిలువవలసి వచ్చెను.

1991లో సోవియట్ యూనియన్ కూలిపోయెను. దానిని ఆనుకొని బ్రదుకుచున్న ఈ దీవిలో ఇంధనము కరవై, భోజనము చాలక, బస్సులు నడువక, జనులు సైకిళ్ళమీదను కాలినడకను పోయిరి. అప్పుడు ప్రభుత్వము విదేశధనము కొరకు తన తలుపు బార్లా తెరచెను. 1990లో వచ్చిన యాత్రికులు సుమారు 3 లక్షల 40 వేలమంది. 2018లో వచ్చినవారు సుమారు 47 లక్షలమంది. నడుమ 2014 డిసెంబరు 17న అమెరికా, క్యూబా నాయకులు తిరిగి స్నేహము కలుపుకొందుమని ప్రకటించిరి. అర్ధశతాబ్దమునకు పైగా నిలిచిపోయిన సాధారణ విమానయానము 2016 ఆగస్టు 31న అమెరికానుండి మరల ఆరంభమాయెను. లోకమంతయు దీవి తెరచుకొన్నదని సంతోషించెను.

తలుపు తెరచుకొన్న మాట నిజమే. అయితే అది ఎవరికి తెరచుకొనెను? 2008 మార్చి మాసాంతము వరకు యాత్రికుల హోటళ్లలో బస చేయుటకు క్యూబా దేశస్థులకు అనుమతి లేదు. తాను కట్టిన గోడలలోపల, తాను తుడిచిన గదిలో, తాను పరచిన పడకమీద, చేత సొమ్మున్నను, ఆ దేశపు బిడ్డ పండుకొనరాదు! యాకోబు భక్తుడు తన పత్రిక 2వ అధ్యాయములో, బంగారు ఉంగరము పెట్టుకొని వచ్చినవానికి మంచి పీట వేసి, మాసిన బట్టలతో వచ్చిన బీదవానిని నిలువబెట్టు సమాజమును ఎంత గట్టిగా గద్దించెనో మనకు తెలియును. అక్కడ పీట వేసినవారిదే తప్పని మనము తలంతుము. పీటమీద కూర్చున్న వాని మాట ఏమి? తన ప్రక్కను ఒకడు నిలిచియున్నాడని చూచి, కొంచెము జరిగి చోటిచ్చుటకు అతనికి నోరు లేదా, కాళ్లు లేవా?

ఇంకొక సంగతి. 1994 మొదలుకొని 2020 సంవత్సరాంతము వరకు ఆ దీవిలో రెండు విధములైన నాణెములు చెల్లెను. జీతము ఒక నాణెములో, మంచి సరకు మరియొక నాణెములో. యాత్రికుని చేతినుండి పడు చిల్లర వైద్యుని నెల జీతమును మించుట అరుదు కాదు. అందుచేత వైద్యులును బడిపంతుళ్లును తమ పని విడిచి టాక్సీలు నడుపుటకును, హోటళ్లలో వడ్డన చేయుటకును పోయిరి. యాత్రికుడు ఎవరిని దోచుకొనలేదు; సంతోషముతో బహుమానమిచ్చెను. అయినను ఒక గ్రామపు బడిలో పంతులు కుర్చీ ఖాళీ ఆయెను. లాబ్‌స్టరు అను పెద్ద సముద్రపు రొయ్య ఆ దీవి చుట్టునున్న నీటిలోనే దొరకును. అది ఎగుమతికిని యాత్రికుల పళ్లెములకును ప్రత్యేకింపబడగా, పట్టినవాని పిల్లలకు దాని రుచి దుర్లభమాయెను. 2024 అక్టోబరులో దీవి అంతట విద్యుత్తు ఆగిపోయినప్పుడు, సొంత యంత్రములుగల హోటళ్లలో దీపములు వెలుగుచుండగా చుట్టునున్న వీధులు చీకటిలో ఉండెను. ఇవి చదువునప్పుడు నాతాను చెప్పిన గొఱ్ఱెపిల్ల మనకు జ్ఞాపకము రావడము లేదా?

ఇందులో ధనవంతుడు ఎవరు? కొందరు ఆ దేశపు పాలకులను చూపుదురు. కొందరు అమెరికా విధించిన ఆంక్షలను చూపుదురు. యాత్రికుల ధనమే లేనియెడల ఆస్పత్రులును బడులును నడువవని పాలకులు చెప్పిరి. ఆ మాటలో నిజము లేకపోలేదు. ఆ వ్యాజ్యెములో తీర్పు చెప్పుటకు మేము కూర్చుండలేదు. మా ప్రశ్న మార్గస్థుని గూర్చినది మాత్రమే.

అట్లయిన ఆ దీవికి పోకుండుటయే నీతియా? ఆలాగు చెప్పుట సులభము. పోనివాని చేతులు శుభ్రముగా ఉండును. కాని బీదవాని పొయ్యి ఆరిపోవచ్చును. 1993లో ఇండ్లలోనే చిన్న భోజనశాలలు పెట్టుకొనుటకును, 1997లో ఇంటిగదులు యాత్రికులకు అద్దెకిచ్చుకొనుటకును క్యూబా ప్రజలకు అనుమతి దొరికెను. అనేక కుటుంబములు ఒక గది సున్నము కొట్టించి, ఒక మంచము వేసి, దానితో బిడ్డలను పోషించుకొనెను. 2019 జూనులో అమెరికా ప్రభుత్వము తన యాత్రికుల ఓడలను ఆపినప్పుడును, 2020లో కోవిడు వ్యాధివలన విమానములు నిలిచినప్పుడును, ఆ చిన్న ఇండ్లకు మొదట దెబ్బ తగిలెను. కాబట్టి మార్గస్థుడు రాకుండుట బీదవానికి మేలు అని తేల్చి చెప్పజాలము. మార్గస్థుడు కన్నులు తెరచి రావలెను, అదియే కావలసినది.

కన్నులు తెరచుకొన్న ఒకని చరిత్ర ఆ దీవిలోనే ఉన్నది. 1492లో కొలంబసు ఓడలు అక్కడికి చేరెను; 1511లో స్పెయిను దేశస్థులు దీవిని లోబరచుకొనసాగిరి. వారితో వచ్చిన బార్తొలొమే దె లాస్ కాసాస్ అను గురువునకు కొంత భూమియు, దానిలో వెట్టిచాకిరి చేయుటకు అక్కడి ఆదివాసులును ఇయ్యబడిరి. ఆయన క్రూరుడు కాడు. భక్తితో పూజ జరుపుచుండెను. 1514లో పెంతెకొస్తు పండుగ ప్రసంగము కొరకు సిద్ధపడుచుండగా, మన బైబిలులో చేరని సీరాకు గ్రంథము 34వ అధ్యాయము ఆయన కంటబడెను. బీదలయొద్ద అన్యాయముగా తీసికొన్నదానిని దేవునికి అర్పించుట అర్పణ కాదని అందులోని భావము. తాను బలిపీఠము మీద పెట్టుచున్న రొట్టె ఎవరి చెమటతో వచ్చెనో ఆయన ఆనాడు తన్ను తాను అడుగుకొనెను. కొన్ని దినములు ఆలోచించి, తనకియ్యబడిన ఆదివాసులను విడిచిపెట్టి, అదే సంవత్సరము ఆగస్టు 15న సంఘము ఎదుట ఆ సంగతి బోధించెను.

ఆ చరిత్రలో మరియొక పాఠమును కలదు. ఆదివాసుల భారము తగ్గించవలెనని లాస్ కాసాస్ కొంతకాలము ఆఫ్రికానుండి దాసులను తెప్పించవచ్చునని సలహా ఇచ్చెను. తరువాత అది ఎంత ఘోరమో గ్రహించి పశ్చాత్తాపపడెను. క్యూబాలో దాసత్వము 1886లో గాని అంతము కాలేదు. ఒక గొఱ్ఱెపిల్లను విడిపించినవాడు మరియొక బీదవాని గొఱ్ఱెపిల్ల వైపు చేయి చూపెను! కాబట్టి ఇది ఎవరిది అను ప్రశ్న ఒక్కసారి అడిగి ముగించునది కాదు. ప్రతి భోజనపు బల్లయొద్దను అడుగవలసినది.

మరి మంచి అతిథి ఎట్లుండును? అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో పౌలు ఓడ పగిలి మెలితే దీవి చేరెను. ఆ దీవివారు వానలోను చలిలోను నిప్పు రాజబెట్టి అందరిని చేర్చుకొనిరి. అప్పుడు పౌలు ఏమి చేయుచుండెను? పుల్లలు ఏరి మోపుకట్టి నిప్పుమీద వేయుచుండెను. పాము అతని చేయి పట్టిన అద్భుతమును మనము జ్ఞాపకముంచుకొందుము. పుల్లల మోపును మరతుము. సముద్రములో ప్రాణము దక్కించుకొని వచ్చిన అలసిన మనిషి, తాను చలి కాచుకొను మంటకు తానును పుల్లలు తెచ్చెను. తరువాత ఆ దీవి రోగులకొరకు ప్రార్థించెను. వెళ్లునాటికి ఆ దీవి అతనివలన నష్టపడలేదు.

క్యూబాకు పోవు యాత్రికుడును పుల్లలు ఏరవచ్చును. తన సొమ్ము ఎవరి చేతికి చేరుచున్నదో విచారించి, సాధ్యమైనంత వరకు ఆ ఇంటివారి గదిలోనే దిగవచ్చును. పేదరికమును వేడుకగా చూడకుండవచ్చును. ఆకలిగొన్న ఇంటి ఆడబిడ్డ మానమును సొమ్ముతో కొనుటకు జంకవలెను. కరవు దినములలో ఆ పాపమును అక్కడికి వచ్చినవారు చేసిరి. వరాదేరో అను ప్రసిద్ధమైన ఇసుక తీరమునకు దగ్గరనే మతాన్సాస్ పట్టణమున్నది. అక్కడ 1946లో ప్రొటెస్టెంటు సంఘములు స్థాపించిన వేదాంత పాఠశాల ఉన్నది. ఆ దేశములో 1969 మొదలు క్రిస్మసు సెలవు లేకపోయెను. 1997లోనే అది తిరిగి వచ్చెను. అట్టి కాలములో విశ్వాసమును కాపాడుకొన్న సంఘములలో ఒక ఆదివారము వెనుక బల్లమీద కూర్చుండి ఆరాధించు యాత్రికుడు, ఎండ కాచుకొని వచ్చినవానికంటె ఎక్కువ చూచినవాడగును.

సహోదరులారా, సహోదరీలారా, దీవి దూరము, ప్రశ్న దగ్గర. మన సంఘమునకు పెద్దలు గాని పరదేశపు అతిథులు గాని వచ్చినప్పుడు కోడికూర వండుదుము. అది ఎవరి కోడి? గుడ్లమ్ముకొని పిల్లకు పలక కొన్న విధవరాలిదా? వారికి కుర్చీలు వేయుటకు ఎవరు లేచి నిలువవలసి వచ్చెను? వండిన స్త్రీలకు చివరకు ఏమి మిగిలెను? మనమే అతిథులమై మరియొక ఊరికి పోయినప్పుడు, అమ్మా, మీరు తింటిరా అని వంటయింటివైపు తిరిగి అడిగితిమా? ఆతిథ్యము దేవుడు మెచ్చు కార్యము; దానిని మరువవద్దని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయము హెచ్చరించుచున్నది. అయితే ఒకని ఆతిథ్యము మరియొకని ఆకలి కారాదు.

మన ప్రభువును అతిథిగా ఒక ధనవంతుని ఇంట దిగెను. యెరికోలో జక్కయ్య ఇంట ఆ దినమున ఏమి వండిరో లూకా వ్రాయలేదు; ఏమి తిరిగి ఇయ్యబడెనో వ్రాసెను. ఆస్తిలో సగము బీదలకు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు (లూకా 19:8). నాతాను మాట విని దావీదు ఆ గొఱ్ఱెపిల్లకు విధించిన వెలయు నాలుగంతలే (2 సమూయేలు 12:6). ఆ మార్గస్థుడు వచ్చినందున బీదవాని గొఱ్ఱెపిల్ల పోయెను. యేసు వచ్చినందున పోయిన గొఱ్ఱెపిల్లలు బీదల ఇండ్లకు తిరిగి వచ్చెను.

మనము ఏ ఊరికి పోయినను, ఏ గడప దాటినను, ఆయన పోయినట్లు పోవుటకు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.