మానికకు కొత్త అర్థం

ఒక సంత ఊళ్లో నాలుగు ధాన్యపు కొట్లుండేవి. రైతు దగ్గర కొనేటప్పుడు వర్తకులు మానిక మీద గింజ నిలవనంతగా గోపురం కట్టి కొలుచుకునేవారు. కూలివాళ్లకు అమ్మేటప్పుడు అదే మానికను అరచేత్తో తలకొట్టి ఇచ్చేవారు. ఒకాయనైతే మానిక అడుగున లక్క పోయించాడు. ఊరందరికీ తెలుసు. అడిగినవాళ్లకు మాత్రం ఆ కొట్లో మళ్లీ అప్పు పుట్టేది కాదు.

ఆ ఊళ్లో పత్రాలు రాసే పంతులు ఒకాయన ఉండేవాడు. మాటకు పదునున్న మనిషి. ఒక సంతరోజు పొద్దున్నే రచ్చబండ వెనక గోడ మీద బొగ్గుతో ఇలా రాశాడు: “మానిక: కొనేటప్పుడు ఉబ్బి, అమ్మేటప్పుడు చిక్కిపోయే పాత్ర.” చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించారు. సంతంతా నవ్వింది. లక్క పోయించిన వర్తకుడు ఆ రాత్రే మానికలోని లక్కను గీకి పారేశాడు.

పంతులు ఆ నవ్వు రుచి మరిగాడు. ప్రతి సంతకీ గోడ మీద ఒక కొత్త మాట చేరింది. “నిజాయితీ: దొంగతనానికి వీలు చిక్కనివాడి గుణం.” “న్యాయం: పంచాయతీకి ముందురోజు పెద్దమనిషి ఎవరింట్లో భోంచేశాడో అటు ఒరిగేది.” “దానం: బస్తా కాజేసి గుప్పెడు తిరిగివ్వడం.” “కృతజ్ఞత: ఆ గుప్పెడు అందుకుని నడుం వంచడం.” జనం గోడ దగ్గర గుంపులు కట్టేవారు. చివరికి ఒకనాడు మొదటి మాట చెరిపేసి, దాని చోట ఇంకా పొట్టిగా, ఇంకా పదునుగా రాశాడు: “మానిక: వర్తకుడు ఇచ్చినంత.”

ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది వర్తకులే. మొదటి మాటకు ముఖం మాడ్చుకున్నవాళ్లు ఈ మాటను మాత్రం కొట్లో కూర్చుని పదిమందికీ చెప్పుకున్నారు.

నాలుగు వారాలు తిరక్కుండానే కూలికెళ్లే ఒక అవ్వ బియ్యం మూట పట్టుకుని కొట్టుకొచ్చింది. ఇంట్లో నలుగురికి సరిపోవాల్సిన బియ్యం ముగ్గురికే వస్తున్నాయని, తక్కువ కొలిచావని వర్తకుణ్ణి అడిగింది. “మానికంటే నేనిచ్చినంతే కదా అవ్వా, పంతులుగారే రాశారు” అన్నాడతను. పెద్దమనుషుల దగ్గరికి వెళ్లింది. న్యాయం అంటే ఏమిటో గోడ మీద రాసుందిగా, చదివించుకో అన్నారు వాళ్లు. అక్కడి నుంచి నేరుగా పంతులింటికి వెళ్లింది.

“లోకం తీరే అంత కదమ్మా” అన్నాడు పంతులు.

“లోకం తీరు నాకు తెలీదా బాబూ? అరవై ఏళ్లుగా వాళ్ల మానికతోనే బతుకుతున్నా. కానీ తక్కువ కొలిచావని అడగడానికి నాకో మాటుండేది. ఆ మాట మీరెందుకు చెరిపేశారు?”

పంతులు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, అవ్వతో కలిసి గుడికి వెళ్లాడు. మండపం మెట్ల పక్కన పాతకాలం వాళ్లు బండలో తొలిచిన రాతి మానిక ఒకటుంది. అందులో అవ్వ మూట విప్పి పోయించాడు. రెండు గుప్పిళ్లు వెలితి. మర్నాడు గోడంతా తుడిచేసి ఒక్కటే రాశాడు: “మానిక: గుడి మండపంలో రాతిలో తొలిచినంత. నిన్న మూడో కొట్లో ఇచ్చింది దానికి రెండు గుప్పిళ్లు తక్కువ.” ఎవరూ నవ్వలేదు. ఆ వారం నుంచి వర్తకులెవరూ ఆయనచేత పత్రాలు రాయించలేదు. అవ్వకు మాత్రం ఆ రెండు గుప్పిళ్లూ తిరిగొచ్చాయి.

ఈ కథకు నీతి

పంతులు మొదట రాసింది నిజం. ‘కొనేటప్పుడు ఉబ్బి, అమ్మేటప్పుడు చిక్కిపోయే పాత్ర’ అన్నప్పుడు, ఉబ్బకుండా చిక్కకుండా ఉండే అసలు మానిక ఒకటి ఉందని చదివేవాడికి గుర్తుంది. ఆ గుర్తుంది కాబట్టే వర్తకుడికి సిగ్గేసింది. చివర రాసినదాంట్లో ఆ అసలు మానికే మాయమైంది. మోసాన్నే అర్థంగా రాసేశాక, మోసపోయినవాడికి ఫిర్యాదు చేసుకునే చోటు లేదు. ఈ రెండు మాటల మధ్య తేడాను మనం కాపాడుకోవాలి. నవ్వు రెండింటికీ ఒకేలా వస్తుంది కాబట్టి తేడా సులువుగా కనబడదు.

తూనికల సంగతే చూడండి. మన దేశపు కిలోగ్రాముకు ఆధారంగా ప్లాటినం, ఇరిడియం కలిపి చేసిన 57వ నంబరు నమూనాను ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో దశాబ్దాలుగా భద్రపరిచారు. 2019 మే 20 నుంచి ప్రపంచమంతా కిలోగ్రామును లోహపు ముద్దతో కాక ప్లాంక్ స్థిరాంకంతో నిర్వచిస్తోంది. లోహం బరువు కాలక్రమంలో అణుమాత్రం మారినా కొలతకు భరోసా ఉండదని శాస్త్రవేత్తలు అంత శ్రమపడ్డారు. బజార్లో ఎంతమంది తక్కువ తూచినా, కిలో అంటే తొమ్మిది వందల గ్రాములేనని ఏ దేశమూ రాసుకోలేదు. న్యాయం, దానం, నిజాయితీ అన్న మాటల విషయంలో మాత్రం ఆ పట్టుదల మనకెందుకు ఉండకూడదు?

విలువల మాటలకు విషపు అర్థాలు రాయడంలో పేరుమోసినవాడు అమెరికా పాత్రికేయుడు ఆంబ్రోస్ బియర్స్. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పోరాడి, 1864లో కెనెసా పర్వతం దగ్గర తలకు తూటా దెబ్బ తిన్నాడు. 1881 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘వాస్ప్’ అనే వారపత్రికలో ఈ అర్థాలు రాస్తూ వచ్చాడు. అవి 1906లో ఒక పుస్తకంగా, 1911లో ‘డెవిల్స్ డిక్షనరీ’ పేరుతో ఇంకా పెద్ద పుస్తకంగా వచ్చాయి. అందులో భక్తికీ, దేశభక్తికీ, స్నేహానికీ, పెళ్లికీ దేనికీ దయ చూపలేదు. దేన్నీ నమ్మని మనిషి రాసిన పుస్తకమని చాలామంది దాన్ని పక్కన పెడతారు. నేను అలా అనుకోను. 1896లో రైల్వే కంపెనీలు ప్రభుత్వానికి కట్టాల్సిన భారీ అప్పును దశాబ్దాల పాటు వాయిదా వేయించుకునే బిల్లు కోసం ప్రయత్నించినప్పుడు, హర్‌స్ట్ పత్రికల తరఫున వాషింగ్టన్ వెళ్లింది ఈ బియర్సే. రైల్వే అధిపతి కాలిస్ హంటింగ్‌టన్ పేరు పెట్టి, లెక్కలు చూపించి, నెలల తరబడి రాశాడు. ఆ బిల్లు వీగిపోయింది. అప్పు అంటే బలవంతుడు కట్టదలచుకున్నంతే అని ఆయన నిజంగా నమ్మి ఉంటే అంత దూరం వెళ్లేవాడా? ఆయన రాసిన వెటకారపు అర్థాల కింద రాతి మానిక ఒకటి ఉంది.

మన గురజాడ దగ్గరా ఇదే చూస్తాను. ‘కన్యాశుల్కం’లో గిరీశం నోట సంఘసంస్కరణ అనే మాట ఎంత చవకబారిపోయిందో చూసి నవ్వుతాం. అయినా నాటకం ముగిసేసరికి సంస్కరణ అంటే గిరీశం చేసేదేనన్న అభిప్రాయం మనలో మిగలదు. సంస్కరణను నిజంగా నమ్మిన వకీలు సౌజన్యారావు పంతులు అక్కడున్నాడు, వేశ్య మధురవాణి తీసుకున్న నిర్ణయం అక్కడుంది. వాళ్ల పక్కన నిలబెట్టినప్పుడే గిరీశం ఎంత తక్కువ తూగాడో తెలుస్తుంది. వాళ్లిద్దరినీ తీసేసి గిరీశాన్ని ఒక్కణ్ణే ఉంచితే, అతని గడుసుతనాన్ని మెచ్చుకుంటూ ఇంటికి వెళ్లేవాళ్లం.

మాటల అర్థం తప్పితే ఏమవుతుందో గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ కళ్లకు కట్టాడు. క్రీస్తు పూర్వం 427లో కోర్సిరా ద్వీపంలో అంతర్యుద్ధం రేగినప్పుడు తెగబడటాన్ని ధైర్యమన్నారు, ఆలోచించి ఆగినవాణ్ణి పిరికివాడన్నారు. చంపినవాడికి సమర్థింపు వెతుక్కునే పని కూడా లేకపోయింది.

ఇప్పుడు మన ఇళ్లలో ఏం మాట్లాడుకుంటున్నామో గమనించండి. మంచివాడంటే చేతకానివాడు. నిజాయితీ గల ఉద్యోగి అంటే పైసలు రాని సీటులో ఉన్నవాడు. ఇంతకంటే నిక్కచ్చిగా ఎవరూ లోకాన్ని చూడలేదన్నట్టు పిల్లల ముందు ఈ మాటలు అంటున్నాం. దెబ్బతిన్నవాళ్ల నోట అవి వస్తే అర్థం చేసుకోగలను. కానీ తరచూ అంటున్నది లంచం ఇచ్చుకోగలిగినవాళ్లు, మాట సాయం దొరికేవాళ్లు. ఆ అర్థం ఖాయమైపోతే వాళ్లకు పోయేదేమీ లేదు. రేషన్ కార్డు కోసం మండల ఆఫీసు చుట్టూ తిరిగే మనిషికి మాత్రం ఉన్న ఒకే ఒక్క ఆధారం పోతుంది. ‘ఇది నాకు రావాల్సింది, మీరు ఇవ్వడం లేదు’ అనాలంటే ‘రావాల్సింది’ అనే మాటకు అధికారి ఇష్టంతో పనిలేని అర్థం ఒకటుండాలి.

అలాంటి అర్థాన్ని పట్టుకుని నిలబడినవాళ్లు మన పల్లెల్లోనే ఉన్నారు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ పథకానికి ఆధారమైన చట్టంలోని 17వ సెక్షను సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. ఆ తనిఖీల కోసమే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. తనిఖీ బృందం ఇంటింటికీ తిరిగి, మస్టరులో ఉన్న పేర్లనూ పనిదినాలనూ కూలివాళ్లు చెప్పినదాంతో సరిచూస్తుంది. తవ్విన గుంతలను టేపుతో మళ్లీ కొలిచి, కొలతల పుస్తకంలో రాసినదానితో పోలుస్తుంది. తర్వాత గ్రామసభలో అన్నీ పైకి చదువుతారు. పనికి రానివాడి పేరు వినిపిస్తే జనం అక్కడే చెప్తారు. తవ్వినదానికంటే తక్కువ రాస్తే కూలి తగ్గుతుంది కాబట్టి, ఆ గుంత తవ్విన మనిషి అందరి ముందూ లేచి ఎంత తవ్వామో, ఎంత రాశారో, మిగతా కూలి ఎప్పుడిస్తారో అడుగుతుంది.