యాతయామము

ధనుర్మాసపు వేకువలో కిరండూలు చలి ఎముకలనంటును. ఎద్దు మూపురమును బోలియుండుటచే బైలాడిలా యను పేరు వహించిన కొండవరుస మంచులో మునిగియుండగా, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చిన మా కోడలు స్నానముచేసి, వంటింటి అలమరనుండి ఒక పొట్లము తీసినది. అది ఎక్కడనో వండి మూసిన కట్టెపొంగలి. దానిని గాజుగిన్నెలోనికి వంచి, మైక్రోవేవులో రెండు నిమిషములుంచి, పొగలు గ్రక్కుచున్న గిన్నెతో దేవునిగూటివరకు వచ్చి, అచ్చటనే ఆగిపోయి నన్నడిగినది: "మామయ్యగారూ, ఇది దేవుడికి పెట్టొచ్చా?"

"వద్దమ్మా, అరటిపండు పెట్టు" అంటిని. ఆమె మారుమాటాడక అరటిపండు నివేదించి, పొంగలి నాకు పెట్టి, తానొక నాలుగు ముద్దలు తిని నిద్రకుపోయినది. నేను తినుచుంటినిగాని, నా సమాధానము నాకే రుచింపలేదు. దేవునికి పనికిరాదన్న అన్నము నాకెట్లు పనికివచ్చినది? నాకు పనికివచ్చినదానిని దేవునికి నిరాకరించుటకు నాకుగల అధికారమేమి? ఆనాటినుండి ఈ ప్రశ్న నన్ను వెంటాడుచున్నది.

అన్నమును గూర్చి మనము నేడు మూడు ప్రశ్నలు వేరువేరుగా వేయుచున్నాము: రుచిగానున్నదా, బలమునిచ్చునా, పవిత్రమైనదా అని. పూర్వులకు ఈ మూడును ఒక్క ప్రశ్నయే. భగవద్గీత పదునేడవ అధ్యాయములో ఆహారమును సాత్త్విక రాజస తామసములని విభజించినపుడు, ఆయువు, బలము, ఆరోగ్యము, ప్రీతి, రసము అన్నియు ఒక్కచోటనే చెప్పబడినవి. తామసాహారమునకు ఆ గ్రంథమిచ్చిన మొదటి విశేషణము యాతయామము. యామమనగా మూడు గంటలు. వండిన పిమ్మట ఒక యామము గడచిపోయినది యాతయామమని తేలికగా తోచు అర్థము. ఈ కొలతతో చూచినచో, నెలలక్రితము వండబడి మూతపడిన పొంగలినిగూర్చి విచారింప నక్కరయే లేదు. తీర్పు ముందే వ్రాయబడియున్నది.

కాని ఆచార్యులిద్దరు ఆ పదమును రెండు విధముల వ్యాఖ్యానించిరి. రామానుజులు దానికి చిరకాలము నిలువయున్నదను అర్థము చెప్పిరి. శంకరులో, రసముడిగినదనుట గతరసమను తరువాతి విశేషణముతోనే తెలియుచున్నది గనుక, యాతయామమనగా సగముడికినదని వివరించిరి. ఒకరు కాలమును చూచిరి, ఒకరు పాకమును చూచిరి. కేవలము గడియారముచేతనే అన్నము చెడునదైనచో ఈ భేదమునకు తావే యుండదు. కావున అన్నములో గడచిపోవునది ఏది యని విచారించుట శాస్త్రమునకు అపచారము కాదు, శాస్త్రమే చూపిన దారి.

నా జీవితమే నాకొక దృష్టాంతము. విశాఖపట్నమునుండి ఉదయమున బయలుదేరు కిరండూలు బండి, కొత్తవలస దాటి, అనంతగిరి సొరంగముల చీకటులలో దూరి వెలువడుచు, అరకు లోయనుండి జగదలపూరు మీదుగా రాత్రికిగాని ఈ యూరు చేరదు. నేను మొదటిసారి వచ్చినపుడు మా ఆవిడ తెల్లవారకముందు కలిపిన పులిహోరను మధ్యాహ్నము అరకు దాటినపిమ్మట విప్పితిని. గడియారము ప్రకారము అది మూడు యామములు గడచిన అన్నము. కాని చింతపండు పులుపును, పసుపును, నూనెయు మెతుకునకు పట్టి, ఉదయముకంటె మధ్యాహ్నమే అది రుచికరముగా నుండెను. నేయి నూనెలతో కలిసినది నిలువయున్నను తినవచ్చునని మనుస్మృతియే మినహాయింపునిచ్చినది. ఇక చద్దన్నము మాటయేమి? రాత్రి మిగిలిన అన్నములో నీళ్ళో మజ్జిగయో పోసియుంచగా, కంటికి కనుపించని జీవులు దానిని పులియబెట్టి, ఉదయమునకు దానికి కొత్త రుచిని, కొత్త గుణమును ఇచ్చును. పెద్దల మాటను చద్దిమూటతో పోల్చిన జాతి మనది. గోపబాలురతో కూర్చుండి బాలకృష్ణుడు చల్దులారగించిన ఘట్టమును పోతన భాగవతములో చదివి పరవశించినవారము మనమే. కనుక కాలము గడచుట వేరు, కాలముచేత పండుట వేరు. చద్దన్నములో కాలము పనిచేసినది, అది గడచిపోలేదు.

ఇక ఆ పొట్లములో కాలమేమి చేసినదో చూడవలెను. లోహపుపొరగల సంచిలో అన్నము నింపి, గాలి చొరకుండ అతికి, పీడనముగల పాత్రలో సుమారు 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి గురిచేయుదురు. మరిగేనీటికి చావని క్లాస్ట్రీడియమ్ బొట్యులినమ్ అను సూక్ష్మజీవి స్పోరులు ఆ వేడికి నశించును. అందుచేతనే చల్లని పెట్టెయే లేకున్నను ఆ యన్నము నెలలతరబడి నిలుచును. మైసూరులో 1961లో నెలకొన్న రక్షణ ఆహార పరిశోధనశాల, పొయ్యి రాజేయుటకు వీలులేని చోట కావలికాయు సైనికులకొరకు ఇట్టి భోజనములను రూపొందించినది. అనగా ఆ పొట్లములో కాలము పనిచేయలేదు, గడవనులేదు, అది ఆపివేయబడినది. చావును ఆపుటకై చేసిన యత్నములో పుట్టుకయు ఆగిపోయినది.

రుచిలో ఈ సంగతి నాలుకకే తెలియును. నేను ఆ పొంగలిని పక్షపాతములేకుండ పరీక్షించితిని. ఉప్పు సరిపోయినది, నేతివాసన కొంత కలదు, పెసరపప్పు మెత్తగా నున్నది. తినరానిదని ఎవ్వడును చెప్పలేడు. కాని మిరియము పంటికింద చిట్లలేదు, జీడిపప్పు కరకరలాడలేదు, కరివేపాకు తన వాసనను ఎప్పుడో గిన్నెయంతటికి పంచియిచ్చివేసినది. ఇంటి పొంగలిలో ఒక ముద్ద మిరియపుఘాటు, ఒక ముద్ద నేతి కమ్మదనము, అడుగున ఎఱ్ఱబడినచోట ఒక కొత్త పరిమళము. తినువాడు ముద్దముద్దకును మేల్కొనును. ఈ పొంగలిలో మొదటి ముద్దయు చివరి ముద్దయు ఒక్కటియే. గతరసమనగా రుచి లేకపోవుటయని ఇన్నాళ్ళు అనుకొంటిని. రుచులు ఒకదానినుండి ఒకటి వేరుగా నిలువలేకపోవుటయని ఆనాడు తెలిసినది.

ఈ లోపమును మైక్రోవేవుపై మోపుట న్యాయము కాదు. రేడారు యంత్రములతో పనిచేయుచుండిన పెర్సీ స్పెన్సర్ 1945లో గ్రహించిన ఆ విద్యలో, సెకనుకు 245 కోట్ల పర్యాయములు ఊగు తరంగములు అన్నములోని నీటి అణువులను త్రిప్పి వేడిపుట్టించును. తలుపు తెరచినంతనే తరంగములు లేవు. అన్నములో ఏ కిరణమును మిగిలియుండదు. తడియున్నంతవరకు వేడి 100 డిగ్రీలకు పెద్దగా మించదు గనుక అది ఎఱ్ఱగా వేపలేదు. అంచులు మరగుచుండగా నడుమ చల్లగానుండవచ్చును గనుక కలిపి, రెండు నిమిషములాగి తినవలెను. తక్కువ నీటితో తక్కువసేపు వేడిచేయుటచే, మరగకాచినదానికంటె కూరలలోని విటమినులను అది మెరుగుగానే కాపాడును. తిరిగి వేడిచేసిన అన్నమును అష్టాంగహృదయము వర్జ్యములలో లెక్కించినమాట నిజమే. కాని ఆ నియమము గాలిసోకి చెడుటకు మొదలిడిన అన్నమునకు చక్కగా చెల్లును, సూక్ష్మజీవి చొరని పొట్లమునకు అంతగా చెల్లదు.

పోషణలో అసలు లెక్క వేరొకచోట నున్నది. అధికోష్ణమునకు మాంసకృత్తులు, ఖనిజములు చాలవరకు నిలుచును; థయమిను, సి విటమిను, మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరును లోకమున నిలిపిన ఫోలిక్ ఆమ్లపు జాతి విటమిను కొంతకొంత నశించును. పోయిన పరిమళమునకు బదులుగా ఉప్పును నూనెయు హెచ్చును. పెద్దవారికి దినమునకు 5 గ్రాముల ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పొట్లముపై అంకెలు తరచుగా 100 గ్రాములకు వ్రాయబడును. మనము తినునది 300 గ్రాములైనచో మూటితో హెచ్చించి చూడవలెను. 1918లో కూనూరులో మొలకెత్తి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములలో, పొట్లముపై వ్రాతను చదువుమని ప్రత్యేకముగా హెచ్చరించినది. ఆహారమును ప్రకృతి, సంస్కారము, సంయోగము, రాశి, దేశము, కాలము, ఉపయోగనియమము, భోక్త అను ఎనిమిదింటితో పరీక్షింపుమన్న చరకుని మాటయు ఇదియే.

ఇంత పరీక్షించుట అన్నమును నిందించుట కాదా? భృగువు తపస్సుచేసి మొట్టమొదట అన్నమే బ్రహ్మమని తెలిసికొన్నాడు. ప్రాణమును, మనస్సును, విజ్ఞానమును దాటి ఆనందమును చేరినపిమ్మటను తైత్తిరీయము మరల వెనుకకు వచ్చి, అన్నమును నిందింపకుండుటను వ్రతముగా విధించినది. మెట్టెక్కినవాడు క్రిందిమెట్టును తన్నరాదని దాని భావము. పరీక్షయందు కన్ను అన్నముపైనుండును. నిందయందు కన్ను తినువానిపైనుండును. "వద్దమ్మా" యని నేననినపుడు నా కన్ను గిన్నెపై లేదు. వండలేదని, ఓపికపట్టలేదని, పన్నెండు గంటలు రోగుల మంచములచెంత నిలిచిన ఆ పిల్లపైననే యున్నది. నా మాటలో శాస్త్రముకంటె నిందయే హెచ్చు.

ఛాందోగ్యములోని ఉషస్తి చాక్రాయణుని కథ నాకు అప్పుడు కన్ను తెరిపించినది. కురుదేశమున పంటలు పాడై, ఆకటిచే అలమటించుచు, అతడొక ఏనుగులవాని యూరికి చేరి, ఆతడు తినుచున్న ఉలవలవంటి ఎంగిలి గింజలను యాచించి తిన్నాడు. త్రాగుటకు అతడు నీరీయగా, ఎంగిలి గనుక వలదన్నాడు. గింజలు ఎంగిలి కావా యని అడుగగా, అవి తినకున్న బ్రదుకలేనివాడనని, నీరు తన ఇచ్చకొలది దొరకునని బదులిచ్చినాడు. మిగిలిన గింజలను భార్య దాచియుంచగా, మరునాటి ఉదయము ఆ ఎంగిలినే, ఆ చద్దినే తిని, రాజుగారి యజ్ఞమునకు పోయి, ఋత్విజులకు వారు పాడు సామభాగముల దేవతలను బోధించినాడు. వానిలో ప్రతిహారమునకు దేవత అన్నము. పాచిన ఎంగిలి తిన్న నోటనుండియే అన్నము దేవతయను ఉపదేశము వెలువడుట యాదృచ్ఛికమని నేననుకొనను. అక్కర అన్నమును శుద్ధిచేయును. ఎక్కడ అక్కర ముగియునో అక్కడ ఆ శుద్ధియు ముగియును.

నివేదన మాటకు వచ్చినచో, శ్రీరాముడే సమాధానమిచ్చినాడు. ఈ దండకారణ్యమునకు రాకముందు, మందాకినీతీరమున, తండ్రి మరణవార్త విని, గారపిండిలో రేగుపండ్లు కలిపి పిండముపెట్టి, తాము తినునదే తమ దేవతలకును ఆహారమను అభిప్రాయముతో దశరథుని ప్రార్థించినాడు. చక్రవర్తికి పాయసము దొరకలేదని ఆ పుత్రుడు పిండము మానలేదు. గీతలో భగవానుడు తనకు చాలునన్న పత్రము, పుష్పము, ఫలము, జలములలో నిప్పు తాకినది ఒక్కటియు లేదు. వంటగొప్ప ఆయనకు కావలసినదేకాదు. తినువాడు తినబోవుదానిని ముందుగా చూపుటయే నివేదనమైనచో, నా కోడలు తెచ్చిన గిన్నె నివేదనార్హమే. ఎవ్వరికొరకని యెరుగక ఎవ్వరో వండిన ఆ యన్నము, ఆమె దానిని విప్పి, వేడిచేసి, దేవుని తలచి, మామగారికని పెట్టినక్షణమున ఒకరికొరకు వండినదయ్యెను.

కాని ఉషస్తి నీటిని నిరాకరించినాడని మరువరాదు. ఈ యూరిలో మన చేతికందు నీరేది? 1968లో ఇచ్చట గని ఆరంభించిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థవెంట మన తెలుగువారెందరో ఈ కొండలకు వచ్చి బియ్యపువంట నిలుపుకొన్నారు. వారపుసంతలో ఆదివాసీ స్త్రీలు మడియా యని పిలుచు రాగులను, కోస్రా యను సామలను, చింతపండును, అడవికూరలను ముందు పోసికొని కూర్చుందురు. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. తెల్లబియ్యమున అది స్వల్పము. వారు పేజ్ అని పిలుచు అంబలిని సొరకాయ బుర్రలో నింపి అడవికి మోసికొనిపోయి, ఆకలియైనపుడు త్రాగుదురు. పొయ్యిలేనిచోట తినుటకు సిద్ధమైన భోజనము వారికెన్నడో కలదు. మనకును అటుకులు, పేలాలు, చద్ది యను పేర్లతో కలదు. త్వరగా తినుట కొత్తది కాదు. త్వరకొరకు తనదగ్గరనున్నదానిని మరచుటయే కొత్తది.

కావున నా తీర్పు ఇది. మైక్రోవేవు అన్నము అపవిత్రము కాదు. అలసినవానికి అది ఉషస్తికి దొరకిన గింజలవంటిది. దానిని పొట్లముపై వ్రాత చదివి కొనవలెను, తినునపుడు పక్కన ఒక పండో పచ్చికూరో మజ్జిగయో ఉంచుకొనవలెను, దేవునికి చూపియే తినవలెను, తినువానిని చూచి ఎవ్వరును పెదవి విరువరాదు. ఓపికయు తీరికయు ఉన్ననాడు దానిని విప్పుట మాత్రము నీరు చేతనుండగా ఎంగిలినీరు త్రాగుట. యాతయామమగునది అన్నముకాదు, అక్కర తీరినను విడువని అలవాటు.

మరుసటి వారము మా కోడలు రాత్రి డ్యూటీనుండి వచ్చునప్పటికి నేనే లేచి, ముందురాత్రి కాచియుంచిన రాగి అంబలిలో మజ్జిగ కలిపి, ఉల్లిపాయ తరిగియుంచితిని. ఆమె స్నానముచేసి వచ్చి, ఆ గిన్నెను దేవునిగూటిలో పెట్టి దండముపెట్టినది. ఈసారి నన్నేమియు అడుగలేదు.