పిలవని పేరంటం

మేమిక్కడ మా మేనల్లుడికి సంబంధాలు చూస్తుంటే, వాడు అక్కడ డాలస్‌లో సముద్రాన్ని పెంచుకుంటున్నాడు. నిజమేనండీ! హాల్లో నాలుగడుగుల గాజుతొట్టి, దాన్నిండా ఉప్పునీళ్ళు, పైన నీలం దీపాలు, లోపల అలలు పుట్టించడానికి బుల్లి మోటార్లు. మా చీరాలలో ఆటో ఎక్కితే కాసేపట్లో వాడరేవు. అక్కడ అలలు మోటారు లేకుండానే పుడతాయి, కరెంటు బిల్లు కూడా రాదు. ఆ మాటంటే "నీకు అర్థం కాదులే అత్తా" అని నవ్వేస్తాడు.

ఆ తొట్టి కోసం వాడు రాళ్ళు కొన్నాడు. మామూలు రాళ్ళు కావట, బతికున్న రాళ్ళట!

"బతికున్న రాళ్ళేమిట్రా, అహల్యా?" అన్నాను.

సంగతేమిటంటే, ఫ్లోరిడా తీరాన కొందరు సముద్రంలో సున్నపురాళ్ళు ముంచి ఏళ్ళ తరబడి అలా వదిలేస్తారు. ఈలోగా కంటికి కనిపించేవీ కనిపించనివీ బోలెడు ప్రాణులు వాటిమీద కాపురాలు పెట్టేస్తాయి. అప్పుడు తీసి తూకం వేసి అమ్ముతారు. ఆ రాతిని పట్టుకుని ఉండే సూక్ష్మజీవులు చేపల మురికిని విరిచి నీళ్ళు బాగుచేస్తాయి కనుక అంత గిరాకీ. మన దగ్గర ఆ పప్పులుడకవు. సముద్రంలోంచి పగడాలు తీసి అమ్మడం 2001 నుంచీ వన్యప్రాణి చట్టం కింద నేరం. పులికి ఎంత రక్షణో పగడానికీ అంతే.

రాయి వస్తే రాతిలో ఉన్నదీ వస్తుంది కదా! బిల్లులో రాయని సరుకన్నమాట. పీతలు, నత్తలు, నక్షత్రపు చేపలు, పేరు తెలియని పురుగులు. దారిలో లారీ ఆపి ఎక్కేసేవాళ్ళను పిలిచినట్లు వీటిని హిచ్‌హైకర్లు అంటారట. నాకైతే పిలవని పేరంటాళ్ళు అనాలనిపించింది.

రాళ్ళు వచ్చిన వారానికి రాత్రిళ్ళు తొట్టిలో టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. వాడికి నిద్రపట్టలేదు. గొల్లభామలా ముందుచేతులు ముడుచుకుని కూచునే రొయ్యలాంటి జీవి ఒకటుంది, మాంటిస్ ష్రింప్ అంటారు. నత్తగుల్లను గుద్ది పగలగొట్టి మరీ తింటుంది. అది చేరిందంటే తొట్టిలో పీతలకూ నత్తలకూ నూకలు చెల్లినట్లే. చప్పుడు వినగానే అదేనని తీర్మానించేసి, రాయి బయటికి తీసి మరిగే నీళ్ళు పొయ్యడానికి సిద్ధమయ్యాడు మావాడు. తీరా టార్చిలైటు వేసి చూస్తే ఒక చెయ్యి పెద్దది, ఒక చెయ్యి చిన్నదిగా ఉన్న వేరే రొయ్య! చిటికేసే రొయ్య. పెద్ద చేతిని ఠక్కున మూస్తే నీళ్ళలో బుడగ పుట్టి పగులుతుంది. ఆ చప్పుడు గోరూ గోరూ తగిలి వచ్చేది కాదనీ, బుడగ పగిలినందువల్ల వచ్చేదనీ శాస్త్రజ్ఞులు తేల్చింది కూడా 2000 సంవత్సరంలోనే. ఈ రొయ్యల్లో కొన్ని జాతులకు చూపు సరిగా ఆనదు. గోబీ అనే చిన్న చేపతో కలిసి ఒకే బొరియలో ఉంటాయి. రొయ్య ఇల్లు తవ్వుతుంది, చేప గుమ్మంలో కాపలా కాస్తుంది. ఎంత ముచ్చటైన సంసారమో చూడండి! మరిగే నీళ్ళు పోసి ఉంటే?

ఇంతవరకూ మాకూ వేడుకగానే ఉంది.

మొన్న ఆదివారం మళ్ళీ వీడియో కాల్ చేశాడు. నేనూ మా వదినా, అంటే వాడి అమ్మ, వంటింటి గడప దగ్గర గోంగూర వలుస్తున్నాం. వాడి మొహం వాడిపోయి ఉంది. ముద్దుగా పెంచుకుంటున్న నారింజరంగు చేప పొద్దున లేచేసరికి చచ్చిపోయి ఉందట. దాన్ని పట్టుకుని జానెడు పొడుగు పురుగు. జెర్రిలా ఒంటికి అటూ ఇటూ కాళ్ళు, గొంగళిపురుగులా నూగు. ఆ నూగు గుచ్చుకుంటే చెయ్యి మండుతుందట.

"హంతకుడు దొరికాడత్తా" అని పట్టకారు చూపించాడు.

నేను "ఛీ, చంపి పారెయ్యరా" అనేశాను. నాకు పురుగంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

మా వదిన తలెత్తలేదు. ఆకు వలుస్తూనే అడిగింది. "ఒరే, అది వచ్చాక చేప చచ్చిందా, చేప చచ్చాక అది వచ్చిందా? చూశావా నువ్వు?"

వాడు చూడలేదు. మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేశాడు. గంట తరవాత తగ్గిన గొంతుతో చెప్పాడు. ఆ పురుగుల్లో రకాలున్నాయట. తలమీద మడతలు మడతలుగా కుచ్చు ఉండేది ఒకటి, అది పగడాలను తినేస్తుంది. ఈ పురుగుకు ఆ కుచ్చు లేదు. ఇది రాత్రిళ్ళు తిరిగి, మిగిలిన తిండినీ చచ్చినవాటినీ తిని తొట్టి శుభ్రం చేసే రకం. వాడు నీళ్ళు పరీక్ష చేస్తే అమ్మోనియా పెరిగి ఉంది. రాళ్ళు ఇంకా కుదురుకోకముందే తొందరపడి నాలుగు చేపలు వేశాడు మరి. చేపను చంపింది నీళ్ళు. పురుగు చావుకు వచ్చిందే తప్ప చావు తేలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మా వదిన 1994లో మా ఇంటికి కాపురానికి వచ్చింది. అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. మా నాన్నకు బట్టల కొట్టు, రోజుకు పది చుట్టలు. డాబా మెట్లు ఎక్కితే ఆయాసం. గుంటూరు వెళ్ళి చూపించుకోమంటే "పెళ్ళిళ్ళ సీజను కానివ్వండి" అని దాటేసేవారు. మేమూ గట్టిగా పట్టుబట్టలేదు. వదిన గృహప్రవేశమైన పందొమ్మిదో రోజు తెల్లవారుజామున గుండెనొప్పితో పోయారు.

పరామర్శకు వచ్చిన ఒకావిడ "ఆ పిల్ల కాలు పెట్టిన వేళ ఎలాంటిదో" అని నిట్టూర్చింది. నేను ఏడుస్తూ "వదిన రాకముందు నాన్న బాగానే ఉన్నారండీ" అన్నాను. చుట్టల సంగతి నాకు తెలుసు, మెట్లమీద ఆగి ఆగి ఎక్కడం నేను చూశాను. అయినా అన్నాను. తలుపవతల గ్లాసుల చప్పుడు ఆగి, మళ్ళీ వినిపించింది. ఆ పన్నెండు రోజులూ వచ్చేపోయేవాళ్ళకు కాఫీలు కాచిందీ, అంట్లు తోమిందీ, ఇల్లు కడిగిందీ ఎవరో చెప్పక్కర్లేదు కదా!

ఇన్నాళ్ళూ అది మూఢనమ్మకమని సరిపెట్టుకున్నాను. నేను చదువుకున్నదాన్ని, నవలల్లో కోడళ్ళ కష్టాలు రాసి మీచేత కన్నీళ్ళు పెట్టించినదాన్ని! కానీ తొట్టి పెంచే మావాడికి ఏ మూఢనమ్మకం ఉంది? వాడూ అదే చేశాడు. ఎందుకని? పురుగు కాకపోతే దోషం తనదవుతుంది. వదిన కాకపోతే దోషం నాన్నది, గుంటూరు తీసుకెళ్ళని మాది. కొత్తగా వచ్చినవాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళెవరూ ఆ ఇంట్లో ఉండరు. నేరం మోపడానికి అంతకంటే అనువైన మనిషి ఎక్కడ దొరుకుతుంది?

అలాగని పిలవకుండా వచ్చినవన్నీ అమాయకమైనవే అంటే నేనొప్పుకోను. 1967లో మన విశాఖపట్నం రేవులో ఒక చిన్న ఆల్చిప్ప కనిపించింది. కరీబియన్ సముద్రానిది, ఓడల అడుగున అంటుకుని వచ్చిందంటారు. దొరికిన చోటల్లా గుత్తులు గుత్తులుగా పట్టేసింది. అదే జాతి 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో కనిపిస్తే, అక్కడివాళ్ళు మూడు పడవల రేవులు మూసేసి, నీళ్ళలో మైలుతుత్తం, క్లోరిన్ కలిపేశారు. ఆల్చిప్పలతోపాటు అందులో ఉన్న ప్రాణులన్నీ పోయాయి. ముత్యాల వ్యాపారం నిలిచింది. అయ్యో పాపం అనిపించినా, వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే వాళ్ళు ముందు అదేమిటో, ఏ దేశందో, ఏం చేస్తుందో తేల్చుకున్నారు. దాన్ని తెచ్చింది పడవలని కూడా గుర్తుంచుకుని, అక్కడి పడవలన్నీ వెతికారు.

ఇంకొకటి. 2009లో ఇంగ్లండులో న్యూకీ అనే ఊరి ఆక్వేరియంలో పగడాలు ఎవరో కొరికేసినట్లు కనిపించసాగాయి. కారణం తెలియక చివరికి తొట్టెలో రాళ్ళన్నీ ఒక్కొక్కటే తీస్తే నాలుగడుగుల పొడుగు పురుగు బయటపడింది. అది నిజంగానే దొంగ! అయినా చంపలేదు, పేరుపెట్టి వేరే తొట్టిలో ఉంచారు. వేరు కాపురం పెట్టించారన్నమాట.

వాడరేవులో వల లాగాక ఆడవాళ్ళు ఇసకలో కూచుని చేపలు ఏరుతుంటారు. వలలో ఒక్కోసారి సముద్రపు పాము కూడా వస్తుంది. వాళ్ళ వేళ్ళు ఎంత చురుకో! కానీ తెలియనిది కనిపిస్తే ఆ వేళ్ళు ఒక్క క్షణం ఆగుతాయి. చూసి, ఏమిటో తెలుసుకుని, అప్పుడు కదులుతాయి. ఆ ఒక్క క్షణం పదిహేడేళ్ళ వయసులో నాకెందుకు లేకపోయింది?

మర్నాడు మధ్యాహ్నం ధైర్యం చేశాను. "వదినా, నాన్న పోయినప్పుడు నేనొక మాటన్నాను. నువ్వు తలుపవతల..." అని ఆగిపోయాను.

మా వదిన పచ్చడి రుబ్బుతోంది. చెయ్యి ఆపలేదు. "నువ్వప్పుడు చిన్నపిల్లవి" అంది.

అంటే విన్నదన్నమాట.

కాసేపటికి వేలితో పచ్చడి తీసి నా చేతిలో పెట్టి, ఉప్పు సరిపోయిందో లేదో చూడమంది. నాకు రుచి తెలియలేదు. సరిపోయిందన్నాను.

పురుగును మావాడు మళ్ళీ తొట్టిలోనే వదిలాడు. వాడు ఫోన్ చేసినప్పుడల్లా మేం పెళ్ళి సంబంధాల సంగతి ఎత్తుతాం. మా వదిన మాత్రం ముందు దాని సంగతి అడుగుతుంది. "రాత్రి కనపడిందిరా?" అని.