గుమ్మము వెలుపల నిలిచిన ఋణదాత

పొరుగువానికి అప్పిచ్చినవాడు తాకట్టు తీసికొనుటకు అతని యింటిలోనికి ప్రవేశింపకూడదని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము 10, 11 వచనములలో ధర్మశాస్త్రము విధించుచున్నది. ఋణదాత బయటనే నిలువవలెను. ఋణస్థుడే తాకట్టును వెలుపలికి తేవలెను. ఆ యింటిలో ఏమున్నదో, ఏమి లేదో, పొయ్యిమీద ఏమి ఉడుకుచున్నదో చూచు హక్కు అప్పిచ్చినవానికి లేదు. బీదలను గూర్చిన మాటలు లేఖనములలో అనేకములున్నను, ఇంత సూక్ష్మముగా బీదవాని మానమును కాపాడిన విధి అరుదు.

ఈ విధిలో మరియొక సంగతి ఇమిడియున్నది. బీదవానికి అప్పిచ్చుట తప్పని అది చెప్పుట లేదు. ఊరక ఇచ్చుటయు, తిరిగి తీసికొనునట్లు ఇచ్చుటయు, రెండును లేఖనములలో కలవు. అయితే క్రీస్తు నామమున ఇల్లు లేని కుటుంబమునకు ఇల్లు కట్టబూనినవారు ఈ రెండు మార్గములలో దేనిని ఎన్నుకొనవలెను? సేవ యని చెప్పి బీదలయొద్ద నెలనెల వాయిదాలు వసూలు చేయుట యేమి ప్రేమ యని అడుగువారు ప్రతి సంఘములోను ఉందురు. అది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నకు ఆచరణలో ఒక జవాబు అమెరికా దేశపు దక్షిణ భాగమున, జార్జియా రాష్ట్రములోని అమెరికస్ అను చిన్న పట్టణము చెంత రూపొందెను. గ్రీకు క్రొత్త నిబంధనలో పండితుడైన క్లారెన్స్ జోర్డన్, బర్మాలో మిషనరీగా పనిచేసిన మార్టిన్ ఇంగ్లండ్, వారి భార్యలు కలిసి 1942లో అచ్చట కొయినోనియా అను వ్యవసాయ క్షేత్రమును స్థాపించిరి. ఆ గ్రీకు మాటకు సహవాసమని అర్థము. నల్లవారును తెల్లవారును ఒకే బల్లయొద్ద భుజించుట ఆ ప్రాంతపు వారికి సహింపరాని నేరమాయెను. 1950 తరువాతి సంవత్సరములలో వర్తకులు వారితో క్రయవిక్రయములు మానుకొనిరి. తుపాకి గుండ్లు, బాంబులు వచ్చెను. జోర్డన్ కుటుంబమును వారు ఆరాధించుచుండిన సంఘమే వెలివేసెను. ఊరి వెలుపలి పల్లెలనుండి వచ్చిన తెలుగు క్రైస్తవులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

అలబామా రాష్ట్రమున న్యాయవాదియు వర్తకుడునై ముప్పది యేండ్లు నిండకముందే ధనవంతుడైన మిల్లర్డ్ ఫుల్లర్, 1965లో తన కాపురమే చెదరిపోవు స్థితికి వచ్చినప్పుడు, భార్య లిండాతో కలిసి ఆస్తిని ఇచ్చివేయ నిశ్చయించుకొని ఆ క్షేత్రమునకు వచ్చెను. 1968లో జోర్డనును ఫుల్లరును కలిసి ఒక నిధిని తలపెట్టిరి. దాతల కానుకలు, వడ్డీ కోరనివారి అప్పులు అందులో చేరును. దానితో ఆ చుట్టుపట్ల గుడిసెలలో నుండు కూలి కుటుంబములకు ఇండ్లు కట్టబడును. ఇంటివారు లాభము గాని వడ్డీ గాని లేక, కట్టుటకైన వెలను మాత్రము వాయిదాలపై చెల్లింతురు. ఆ సొమ్ము తిరిగి నిధిలో చేరి మరియొకరి గోడ యగును. 1969 అక్టోబరులో జోర్డన్ మరణించునప్పటికి మొదటి ఇల్లు ఇంకను పూర్తి కాలేదు. ఫుల్లర్ దంపతులు 1973 మొదలు మూడేండ్లు ఆఫ్రికాలో, నాటి జైరే దేశమున, ఈ పద్ధతినే నడిపి చూచి, 1976లో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అను సంస్థను స్థాపించిరి. భారతదేశమున దాని పని 1983లో మొట్టమొదట ఖమ్మములో ఆరంభమాయెను. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1984 మొదలుకొని తానే సుత్తె పట్టుటవలన దాని పేరు లోకమంతట వినబడెను గాని, ప్రస్తుత విచారణకు ఆ ప్రఖ్యాతితో పని లేదు.

నిర్గమకాండము 22:25లోని వడ్డీ నిషేధమే వారికి పునాది. ఆ నిషేధము ఎంత బరువైనదో లెక్క వేసినగాని తెలియదు. లక్ష రూపాయలు ఇరువది యేండ్లకు నూటికి పది చొప్పున వడ్డీకి తెచ్చినవాడు నెలకు సుమారు 965 రూపాయలు కట్టవలెను. తుదకు అతడు చెల్లించినది రెండు లక్షల ముప్పది వేలు దాటును. వడ్డీ లేనియెడల నెలకు 417 రూపాయలు చాలును. ఈ రెండు సంఖ్యల నడుమనున్న భేదమే అనేక కుటుంబములకు ఇల్లు ఉండుటకును లేకుండుటకును గల భేదము. అట్టి బ్యాంకు అప్పయినను దొరకక, నూటికి నెలకు మూడు, అయిదు చొప్పున వ్యాపారియొద్ద తెచ్చువారి సంగతి చెప్పనేల?

అయినను అసలునైనను ఎందుకు తీసికొనవలెను? ఉచితముగా ఇచ్చినయెడల కథ ఆ యింటితో ముగియును. ఇచ్చినవాడు దాతగాను పుచ్చుకొన్నవాడు గ్రహీతగాను నిలిచిపోవుదురు. ప్రారంభోత్సవమున రిబ్బను కత్తిరించుట, ఛాయాచిత్రము తీయుట, గోడమీద దాత పేరు చెక్కిన పలక — వీటి క్రింద జీవితాంతము కాపురముండుట ఎట్లుండునో ఆ యింటివారిని అడిగినవారు కొద్దిమంది. వాయిదా కట్టు కూలివాడు మరియొక కూలివాని ఇంటికి ఇటుకలు పంపుచున్నాడు. తన యింటి పునాదికి తానే మట్టి మోసి, పొరుగువాని గోడకు సిమెంటు అందించి, తానును ఇచ్చువారి వరుసలో నిలిచినవాడు. ప్రభుత్వము గృహనిర్మాణమునకు ఇచ్చు సొమ్ము వేరు. అది పౌరునికి రావలసిన హక్కు గనుక దానిని తలయెత్తి పుచ్చుకొనవచ్చును. సంఘము చేయు దానము అట్టిది కాదు. అందులో దయ కలదు గనుకనే అవమానమునకును చోటు కలదు.

ఇంతవరకు వాయిదాల పక్షమున చెప్పవచ్చును. కాని లూకా సువార్త 14వ అధ్యాయమున ప్రభువు చెప్పిన విందు ఈ వాదమునకు అడ్డముగా నిలుచుచున్నది. ప్రత్యుపకారము చేయలేనివారినే పిలువుమని ఆయన ఆజ్ఞాపించెను. హాబిటాట్ వంటి సంస్థ కుటుంబములను ఎన్నుకొనునప్పుడు మూడు సంగతులు చూచును: అవసరము, కలిసి పనిచేయు ఇష్టము, తిరిగి చెల్లించు శక్తి. ఈ మూడవదానియొద్ద ఎవరు ఆగిపోవుదురు? ఏడాదిలో కొన్ని మాసములు మాత్రమే పని దొరకు కూలీలు, మంచము పట్టిన భర్త గల స్త్రీ, కుమారులు విడిచిపెట్టిన వృద్ధురాలు. అనగా విందునకు మొదట పిలువబడవలసినవారే పట్టికలో చేరలేకపోవుచున్నారు. నిధి తరిగిపోయినయెడల ఎవరికిని ఇల్లు రాదను సమాధానము నిజమే; లెక్కలు వ్రాయువానికి అది చాలును. మనస్సాక్షికి చాలదు. ఒక మంచి పని మరియొక మంచి పనికి బదులు కాజాలదని ఒప్పుకొనుట మేలు. వడ్డీలేని అప్పు నిర్గమకాండపు ఆజ్ఞను నెరవేర్చినది. లూకా సువార్తలోని విందు ఇంకను మిగిలియే యున్నది.

మరియొక ఘడియ కలదు. అది ఇంతకన్న కఠినమైనది. ఇల్లు పొందిన కుటుంబము వాయిదా కట్టుట మానినప్పుడు ఏమి చేయవలెను? చాలక మానినవారు, చాలియుండియు మానినవారు, ఇరువురును ఉందురు. రెండవవానిని విడిచిపెట్టుట దయ కాదు. అతడు ఎగవేసినది తన వంతు కొరకు కాచుకొనియున్న పొరుగువాని ఇల్లే. మొదటివాని విషయమున నెహెమ్యా 5వ అధ్యాయమును చదువుకొనవలెను. ఆకలి దినములలో పొలములను ఇండ్లను కుదువపెట్టినవారి మొర విని నెహెమ్యా ప్రధానులను గద్దించెను. అయితే తానును తన బంధువులును అప్పిచ్చినవారమేనని దాచలేదు. నీతిమంతుడైన ఋణదాత కూడ ఋణదాతయే యని ఎరిగియుండుట అతని గొప్ప.

అట్టి కుటుంబమును బయటికి నెట్టి, ఇంటికి తాళము వేసి, ఆ సాయంకాలమే ప్రార్థనకూటమునకు పోగలవారెవరు? గడువు పొడిగింపవచ్చును, పంట చేతికి వచ్చువరకు ఆగవచ్చును. అదియు చాలనియెడల ఆ భారము సంస్థ కార్యాలయమునది మాత్రమే కాదు, ఆ కుటుంబము ఆదివారమున కూర్చుండు సంఘమునది కూడ. పైన చెప్పిన లెక్కలోని 417 రూపాయలు ఏబది కుటుంబములుగల సంఘమున పంచుకొనినయెడల, నెలకు ఇంటికి తొమ్మిది రూపాయలకు లోపుగానే యుండును.